దారం కట్టని జంపఖానా

బైరి వెంకట్రాజం చదివింది ఐదో తరగతి. తొర్రూరు అవతల ఒక పల్లెలో, ఒకే పంతులు ఐదు తరగతులకూ చెప్పిన ఊరి బడిలో. అయితేనేం, ఆ ఐదేళ్ల చదువు గట్టిది. ఇరవై ఎక్కాలు ఈనాటికీ తడుముకోకుండా అప్పజెప్తాడు. అక్షరం రాస్తే ముత్యాలు పేర్చినట్టుంటుంది. పన్నెండో ఏట వరంగల్ కాశిబుగ్గకు వచ్చి మేనమామ పక్కన మగ్గం మీద కూర్చున్నాడు. పదహారో ఏట ఇంకొకరి చెయ్యి పడకుండా సొంతంగా జంపఖానా నేశాడు. ఇరవై రెండో ఏట హన్మకొండలో ఒక పెళ్లిమండపానికి నలభై అడుగుల జంపఖానా నేసి ఇచ్చాడు. ఆరుగురు పట్టుకుంటే తప్ప అది కదలదు, ఇప్పటికీ దాని మీద భోజనాల బంతులు కూర్చుంటూనే ఉన్నాయి. ఢిల్లీ ఎగ్జిబిషన్‌కు రెండుసార్లు పోయివచ్చాడు. రాష్ట్ర అవార్డు ఒకటి, జిల్లా అవార్డులు మూడు, శాలువాలు పందొమ్మిది. ఆయన దగ్గర పని నేర్చుకుని సొంత మగ్గాలు పెట్టుకున్నవాళ్లు ముప్ఫై నలుగురు. కాశిబుగ్గలో ఎవరిని ఆపి అడిగినా ఈ లెక్క చెప్తారు. వాళ్లు చెప్పకుంటే ఆయనే చెప్తాడు.

ఇంటి ముందు గదిలో, మగ్గానికి ఎదురుగా ఉన్న గోడ మీద, ఆ కాగితాలన్నీ అద్దాల ఫ్రేముల్లో వరసగా ఉంటాయి. మొత్తం పదకొండు. ముద్ర ఉన్న కాగితం ఏది ఇంటికొచ్చినా గోడకెక్కాల్సిందే. సాయంత్రం నాలుగింటికి పడమటి కిటికీలోంచి ఎండ పడితే పదకొండు అద్దాలూ ఒక్కసారి మెరుస్తాయి. ఆ వెలుగు వచ్చి మగ్గం మీది పడుగు దారాలపై వాలుతుంది.

కానీ ఆయన అన్నిటికన్నా గొప్పగా చెప్పుకునేది ఆ గోడ మీద లేదు.

నేతగాళ్ల సొసైటీలో ఒక పద్ధతి ఉంది. నేసిన జంపఖానాను గోదాముకు తెస్తే నేల మీద పరిచి, మోకాళ్ల మీద కూర్చుని, వేళ్లతో తడిమి చూస్తారు. పడుగు తప్పినచోట, ముడి పైకి తేలినచోట, అంచు వంకరపోయినచోట ఒక్కో తప్పుకు ఒక్కో ఎర్ర దారం చొప్పున అంచుకు కడతారు. నాలుగు తప్పులుంటే నాలుగు దారాలు. ఏ తప్పూ లేని సరుకుకు ఏమీ కట్టరు. ఏమీ రాయరు. ఏమీ అనరు కూడా. మడతపెట్టి పక్కన పెడతారు, అంతే. మంచి పనిని నోటితో మెచ్చుకుంటే దిష్టి తగులుతుందని పెద్దల మాట. నలభై మూడేళ్లలో వెంకట్రాజం జంపఖానాకు ఎర్ర దారం కట్టిన చెయ్యి లేదు. సొసైటీలో సరుకు చూసే యాదగిరి, ఆయన మూట వస్తే విప్పకుండానే లోపలికి పంపిస్తాడు.

ఎన్నడూ కట్టని ఆ దారమే చివరికి ఒక ఆడపిల్ల మెడకు చుట్టుకుంది.

నిరుడు వానాకాలంలో స్నేహలత మేడం ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. ఊరి బయట కొత్తగా పెట్టిన యూనివర్సిటీలో ఆమె లెక్చరర్. గోడ మీది ఫ్రేములన్నీ ఓపికగా చూసింది. ఆయన ఒక్కోదాని కథ చెప్తుంటే వింది. పదకొండో కథ అయిపోయాక వచ్చిన పని చెప్పింది.

"వెంకట్రాజం గారూ, మా దగ్గర డిగ్రీ పిల్లలు తీసుకున్న సబ్జెక్టు ఒక్కటే చదివితే పట్టా రాదండి. అందరికీ ఉమ్మడిగా కొన్ని ఉంటాయి. ఒక రాత పేపరు, ఒక సైన్సు ల్యాబు, ఒక చరిత్ర, ఒక కళ, ఒక చేతిపని. లెక్కలు చదివే పిల్లయినా, కామర్స్ చదివే పిల్లయినా ఇవన్నీ పూర్తిచెయ్యాలి. మనిషికి ఒకటే కాకుండా నాలుగు దిక్కులా తెలివి ఉండాలని."

"చేతిపని గూడ డిగ్రీలనేనా?" వెంకట్రాజం వెనక్కి వాలి కూర్చున్నాడు.

"అవునండి. అది పూర్తి కాకుంటే మిగతా అన్నిట్ల ఫస్టు వచ్చినా డిగ్రీ ఆగిపోతది. ఏడాది పాటు శనివారాలు మీ దగ్గర నేర్చుకుంటారు. ఆఖరికి ఒక చిన్న జంపఖానా నేసి చూపించాలి. మార్కులు మీరే వేస్తారు."

చాయ్ తెచ్చిన కోడలు శోభారాణి నవ్వింది. "మా మామ మార్కులేస్తే ఒక్కలు గూడ పాస్ కారు మేడం. మా ఆయన అల్లిన నులక మంచానికే నెల రోజులు వంకలు వెట్టిండు."

మేడం కూడా నవ్వింది. ఆ మాట అక్కడే గాలికి పోయింది.

"డిగ్రోళ్లకు ఐదో తరగతోడు మార్కులేసుడు," అన్నాడు వెంకట్రాజం, మీసం కింద నవ్వు దాచుకుంటూ. "మంచిగనే ఉన్నది. ఒప్పుకుంటాన."

ఇంటి వెనక రేకుల షెడ్డులో ఐదు చిన్న మగ్గాలు పెట్టించారు. ఆయన ఫొటోతో ఒక కార్డు చేయించి, మెడలో వేసుకునే పట్టీతో సహా ఇచ్చారు. శనివారం కాకున్నా దాన్ని వేసుకుని చౌరస్తా దాకా పోయి కూరగాయలు తెచ్చేవాడు.

వచ్చిన పిల్లలు ఐదుగురు. అందులో అనూష హన్మకొండ బజారులో గాజుల దుకాణం వాళ్ల బిడ్డ. చెయ్యి కంటే నోరు వేగం.

"ఏందే, పంజాతోని కొడ్తానవా, దువ్వుతానవా?" అనేవాడు వెంకట్రాజం. పంజా అంటే పేక దారాన్ని కిందికి కొట్టి బిగించే ఇనుప దువ్వెన. "నీ జడ అనుకున్నవా?"

"నా జడ ఇంతకన్న మంచిగుంటది తాతా."

"మరి అంచేంది, కుక్కతోక లెక్క పోయింది?"

"కుక్కతోక వంకర ఎవలు తీసిండ్రు తాతా, నువ్వు తీస్తవా?"

షెడ్డంతా నవ్వులు. ఆయన ఒక్కొక్కరి దగ్గరా ఆగి ఇలాగే తిట్టేవాడు, విప్పించేవాడు, మళ్లీ నేయించేవాడు. ఒక్క మగ్గం దగ్గర మాత్రం కాదు.

ఆ మగ్గం మానసది. స్టాటిస్టిక్స్ చదివే పిల్ల. మాట తక్కువ. దారాలను లెక్కపెట్టుకుంటుంటే పెదవులు మాత్రం కదిలేవి. వెంకట్రాజం వచ్చి ఆమె వెనక నిలబడేవాడు. కాసేపు చూసేవాడు. ఏమీ అనకుండా పక్క మగ్గానికి పోయేవాడు. ఆమె తలెత్తేసరికి ఆయన ఇంకెవరినో తిడుతూ ఉండేవాడు. సంవత్సరమంతా ఆమెతో ఆయన మాట్లాడిన మాటలు లెక్కపెడితే రెండు చేతుల వేళ్లు ఎక్కువవుతాయి. నీది ఏ ఊరు అని కూడా అడగలేదు.

సంక్రాంతి దాటాక ఒక శనివారం ఆమే నోరు విప్పింది.

"తాతా, నాది సరిగనే వస్తాందా?"

"చేస్తానవ్ గద. చెయ్యి."

ఆయన దృష్టిలో అంతకన్నా పెద్ద మాట లేదు. మానస కాసేపు ఆయన వైపు చూసి, మళ్లీ దారాల మీదికి వంగింది.

ఏప్రిల్ చివర ఐదు జంపఖానాలూ మగ్గం దిగాయి. పిల్లలు వెళ్లిపోయాక ఆయన వాటిని షెడ్డు నేల మీద పరిచి మోకాళ్ల మీద కూర్చున్నాడు. అనూషదానికి ఏడు దారాలు కట్టాడు. మిగతా మూడింటికి ఆరు, ఐదు, నాలుగు. మానసది రెండుసార్లు తడిమాడు. తిరగేసి తడిమాడు. కళ్లను నమ్మక, మర్నాడు పొద్దున ఎండలో పరిచి మళ్లీ చూశాడు. వేలికి ఏదీ తగల్లేదు. లేచి లోపలికి పోయి చెంబెడు నీళ్లు తాగాడు. తన పదహారో ఏట, మేనమామ కూడా ఇలాగే రెండుసార్లు తడిమి, ఒక్క మాట అనకుండా లేచిపోయాడు. ఆ రాత్రి తనకు నిద్ర పట్టలేదు, సంతోషంతో.

అంతలో స్నేహలత మేడం ఫోను చేసింది. "వెంకట్రాజం గారూ, పేర్ల కాగితం పంపించాను. ఒక్కో పేరు ముందు పదికి ఎన్నో నంబరు వెయ్యండి. ఎట్ల వెయ్యాలంటే..."

"నాకు చెప్తాన్నరా మేడం? నలభై మూడేండ్ల సంది సరుకు సూస్తాన."

"అది కాదండి, ఒక్కసారి వినండి..."

"మీరు ఫికర్ చెయ్యకుండ్రి. నంబర్లు నేనేస్త గద." ఫోను పెట్టేశాడు. ఆ వారమే ఆమె ప్రసూతి సెలవు మీద కరీంనగర్‌లో తల్లిగారింటికి వెళ్లిపోయింది.

ఆయన కాగితం ముందు పెట్టుకుని, కళ్లజోడు తుడుచుకుని, కట్టిన దారాలు చూసుకుంటూ నంబర్లు వేశాడు. అనూషకు ఏడు. తర్వాత ఆరు, ఐదు, నాలుగు. మానస పేరు ముందు ఏమీ వేయలేదు. ఆ తెల్లటి గడిని చాలాసేపు చూస్తూ కూర్చున్నాడు. ముప్ఫై నలుగురు శిష్యుల్లో మొదటి జంపఖానాకే ఖాళీ గడి తెచ్చుకున్నవాళ్లు ఒక్కరూ లేరు. కింద ముత్యాల్లాంటి అక్షరాలతో సంతకం పెట్టి, తనే పోయి పోస్టులో వేసి వచ్చాడు.

యూనివర్సిటీలో నాలుగు వస్తే చాలు, పాస్. ఖాళీ గడికి అక్కడ ఇంకో అర్థం ఉంది.

మే నెల నడుమ రిజిస్టరు పోస్టు వచ్చింది. దళసరి కాగితం. పైన బంగారు రంగు గుర్తు, కింద గుండ్రటి ముద్ర, నీలి సిరా సంతకం. నడుమ ఉన్నదంతా ఇంగ్లీషు. శోభారాణి పదో తరగతి దాకా చదివింది. అటూ ఇటూ తిప్పి చూసింది.

"మామా, మానస పేరు ఉన్నది ఇందుల. తారీకు గూడ ఉన్నది. ఎవలకన్న చూపిద్దామా?"

"చూపిచ్చేదేంది? సన్మానపత్రం గిట్లనే ఉంటది. నా దగ్గర మంచి పిల్ల తయారైందని రాసి ఉంటరు."

"అది గాదు మామా, జర సదివిస్తే ఏం పోతది?"

"ముద్ర సూసినవా లేదా? ఢిల్లీ కాగితానికి గూడ గింత పెద్ద ముద్ర లేదు."

ఆ సాయంత్రమే చౌరస్తాలోని ఫొటో ఫ్రేముల దుకాణానికి పోయాడు. రెండు రోజుల్లో పన్నెండో ఫ్రేము గోడకెక్కింది.

ఆ కాగితంలో ఉన్నది ఇంతే. మీరు పంపిన జాబితాలో ఒక విద్యార్థిని పేరు ముందు మార్కు లేదు. ఆమె పని పూర్తిచేసిందో లేదో మే ఇరవై ఐదులోగా తెలియజేయండి. జవాబు రాకుంటే పూర్తిచేయనట్టుగా పరిగణిస్తాం.

ఆ గడువు అద్దం కింద, ఆయన కళ్లెదుటే, ఒక్కో రోజూ తరిగిపోయింది. గూట్లో పెట్టిన ఫోను రెండు మూడు రోజులు మోగింది. తెలియని నంబరు. పంజా చేతిలో ఉన్నప్పుడు ఆయన ఫోను ఎత్తడు. తర్వాత అది మోగడం మానేసింది. నాలుగింటి ఎండకు ఇప్పుడు పన్నెండు అద్దాలు మెరుస్తున్నాయి. పన్నెండోది ఎట్లా వేలాడదీసినా దాని వెలుగు సరిగ్గా ఆయన కళ్లలోనే పడుతోంది. ఆ వేళకు పడుగు తెగడం మొదలైంది. ఒక రోజు తెగితే దారం పాతదనుకున్నాడు. మర్నాడూ తెగింది. మగ్గాన్ని జానెడు పక్కకు జరిపించాడు గాని, ఫ్రేమును జరపలేదు.

జూన్ పదమూడు పొద్దున అనూష మిఠాయి డబ్బాతో వచ్చింది.

"తాతా! పాసైన! నీ పేపర్ల ఏడు మార్కులు. మొత్తం క్లాసుల నాదే ఎక్కువ. నోరు తెరువు ముందుగాల." లడ్డూ తీసి నోటి దగ్గర పెట్టింది.

వెంకట్రాజం నోరు తెరవలేదు. పంజా చేతిలోనే ఆగిపోయింది.

"ఏడు మార్కులేందే? ఏడు నీ తప్పులు."

"తప్పులకు మార్కులేస్తరా ఎక్కడన్న? నువ్వు గూడ పరాచికాలే."

"మరి మానసకు?"

అనూష ముఖంలో నవ్వు దిగిపోయింది. లడ్డూ మళ్లీ డబ్బాలో పెట్టింది.

"నన్నడుగుతానవా? నువ్వే గద ఫెయిల్ చేసినవ్. చేతిపని పూర్తి చెయ్యలేదని వచ్చింది. మిగిలిన అన్నిట్ల ఆమెనే ఫస్టు. హైదరాబాద్ల పీజీ సీటు గూడ వచ్చింది తాతా. రేపు సాయంత్రం అయిదు లోపల డిగ్రీ కాగితం కంప్యూటర్ల ఎక్కియ్యాలె. లేకుంటే సీటు ఇంకొకలకు పోతది." కొంచెం ఆగింది. "రిజల్ట్ వచ్చి నాలుగొద్దులాయె. ఆనాటి సంది ఫోను బందు పెట్టుకున్నది. మేమందరం చేసినం. ఎవ్వలకు దొరుకుతలేదు."

వంటింటి గుమ్మంలో శోభారాణి చేతిలోని పళ్లెం అట్లాగే ఉండిపోయింది.

"ఖాళీ వెట్టిన," అన్నాడు వెంకట్రాజం. "దారం కట్టేటందుకు ఏం దొరకలే. అందుకే ఖాళీ వెట్టిన."

అనూషకు అర్థం కాలేదు. ఏం చెయ్యాలో తోచక చుట్టూ చూసింది. కళ్లు గోడ మీది కొత్త ఫ్రేము దగ్గర ఆగాయి. దగ్గరికి పోయి చదివింది. మళ్లీ చదివింది.

"తాతా, ఇది గోడకెందుకు వెట్టినవ్?"

"సన్మానపత్రం."

ఆమె ఆ కాగితాన్ని తెలుగులో, చిన్నగా, ఒక్కో ముక్కా చదివి చెప్పింది.

వెంకట్రాజం లేచి, మేకుకున్న ఫ్రేము తీసి చంకలో పెట్టుకున్నాడు. పెట్టెలోంచి మానస జంపఖానా తీసి భుజాన వేసుకున్నాడు. మెడలో కార్డు వేసుకోబోయి, మానేశాడు.

యూనివర్సిటీలో పరీక్షల వ్యవహారమంతా చూసేది రాజేశ్వర్ రావు. సన్నటి మనిషి, మాటలు కొలిచినట్టు మాట్లాడతాడు. అంతా విన్నాడు. ఫ్రేములోంచి తన సంతకమే తనను చూస్తుంటే కాసేపు దాని వైపు చూశాడు.

"ఇది మీకు చేరిందన్నమాట."

"చేరింది సార్."

"జవాబెందుకు ఇవ్వలేదు?"

అనూష ఏదో చెప్పబోయింది. వెంకట్రాజం ఆమె చెయ్యి పట్టి ఆపాడు. "గోడకు వెట్టిన సార్."

రాజేశ్వర్ రావు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "గడువు దాటింది. ఇప్పుడు ఒకటే దారి. పొరపాటు నేర్పినవారిదేనని వారే రాసి ఇవ్వాలి. దాని మీద వైస్ ఛాన్సలర్ గారు సంతకం చేస్తే రేపు కాగితం ఇవ్వొచ్చు. కానీ అది రికార్డులో ఉంటుంది. వచ్చే ఏడాది మిమ్మల్ని పిలవడం కుదరదు."

"ఆఫీసుల పొరపాటని రాస్తే?"

"ఆఫీసు మీకు ఉత్తరం రాసింది కదా."

తెల్ల కాగితం ముందుకు జరిపాడు. వెంకట్రాజం కలం పట్టుకున్నాడు. ఊరి బడిలో పలక మీద దిద్దిన నాటి నుంచి ఆయన అక్షరం చెడింది లేదు. అవార్డు రోజు స్టేజీ మీద, అందరూ చూస్తుంటే సంతకం పెట్టినప్పుడు కూడా. ఇప్పుడు మొదటి అక్షరం దగ్గరే సిరా చుక్క పడింది. దాన్ని అట్లాగే వదిలేసి రాశాడు. మానస పని పూర్తిచేసింది. ఆమె జంపఖానాలో ఏ తప్పూ లేదు. తప్పు నాది.

నలభై మూడేళ్లకు మొదటి ఎర్ర దారం. కట్టింది తన చెయ్యే.

రాజేశ్వర్ రావు చదివి తలాడించాడు. తర్వాత అనూష వైపు చూశాడు. "మరి ఏడు తప్పులకు ఏడు మార్కులు వచ్చిన సంగతి?"

అనూష వెంకట్రాజం వైపు చూసింది.

"ఏడు దారాలు కట్టిన జంపఖానా మీద గూడ మనుషులు కూసుంటరు సార్," అన్నాడు వెంకట్రాజం. "ఆ పిల్లలు ఏడాది పనిచేసిండ్రు. ఇడిసిపెట్టుండ్రి."

రాజేశ్వర్ రావు ఆ కాగితాన్ని ఫైలులో పెట్టి మూశాడు.

మర్నాడు సంతకం పెట్టాల్సిన పెద్దాయన పదకొండున్నర దాకా రాలేదు. కాగితం వెంకట్రాజం చేతికి వచ్చేసరికి పన్నెండు దాటింది. మానస ఫోను ఇంకా బందే. ఆమె ఫోనుకు వచ్చే నంబరు కొడితే తప్ప కంప్యూటర్ ఆ కాగితాన్ని తీసుకోదని అనూష చెప్పింది. అంటే ఎవరో ఒకరు మానస దగ్గరికి పోవాల్సిందే. ఊరి పేరు అనూషే చెప్పింది. విని వెంకట్రాజం ఒక్క క్షణం ఆగాడు. అది తను పుట్టిన పల్లెకు పక్క ఊరు. అప్పట్లో కాలిబాటన పోతే అరగంట. ఏడాది పాటు తన షెడ్డులో కూర్చున్న పిల్లను ఆ ఒక్క మాట అడిగి ఉంటే అప్పుడే తెలిసేది.

"నేను గూడ వస్త తాతా," అంది అనూష.

"వద్దు. నేను చేసింది నేనే పోయి చెప్పాలె."

బస్సు వర్ధన్నపేట దాకా బాగానే పోయింది. రాయపర్తి దగ్గర రోడ్డు పని జరుగుతుంటే అరగంట నిలబడింది. పడమటి దిక్కు మబ్బు కమ్ముకొస్తోంది. ఒడిలో మడతపెట్టిన జంపఖానా, దాని మడతలో ప్లాస్టిక్ సంచిలో కాగితం. అయిదు రోజులుగా ఫోను ఎత్తని పిల్ల ఏం చేస్తూ ఉంటుందోనని ఆలోచించకుండా ఉండటానికి మనసులో ఎక్కాలు చదువుకున్నాడు. పదిహేడో ఎక్కం నడుమ మరిచిపోయాడు. యాభై ఏళ్లలో అదే మొదటిసారి.

తొర్రూరులో ఆటో పట్టుకుని ఊళ్లోకి చేరేసరికి మూడున్నర. ఇంటి తలుపుకు గొళ్లెం పెట్టి ఉంది. పక్కింటి అరుగు మీద ఒక ముసలమ్మ బియ్యం ఏరుతోంది.

"మానస బాయికాడికి పోయింది," అంది తలెత్తకుండా. "పొద్దుగాల పోయింది. బుక్కెడు తినలే. అయిదొద్దుల సంది ఆ పిల్ల మనిషి లెక్క లేదు. మీరెవలు?"

బాయికాడికి అంటే చేనుకు అని ఆయనకు తెలుసు. ఈ పక్క ఊళ్లోనే పుట్టాడు, ఆ మాట అంటూనే పెరిగాడు. అయినా ఇవాళ ఆ మాటలో బావి తప్ప ఇంకేమీ వినిపించలేదు.

గట్టు వెంట ఎంత వేగంగా నడవగలిగితే అంత వేగంగా నడిచాడు. రాత్రి వానకు నల్లరేగడి తడిసి చెప్పులకు పట్టుకుంటోంది. చెప్పులు విడిచేశాడు. బావి కనిపించింది. బావి గట్టు మీద ఒక ఆడపిల్ల చెప్పుల జత ఉంది. పక్కపక్కన, సరిగ్గా పెట్టి ఉంది.

చుట్టూ మనిషి అలికిడి లేదు.

వెంకట్రాజం గట్టు పట్టుకుని వంగి చూశాడు. నీళ్లు చాలా కిందున్నాయి. అందులో మబ్బు కనిపించింది. మబ్బు నడుమ తన తల కనిపించింది. ఇంకేమీ కనిపించలేదు. అది మంచికో చెడుకో తెలియక అట్లాగే వంగి ఉండిపోయాడు.

"తాతా?"

వెనక నుంచి. ఆయన తిరిగి చూశాడు. ఈతచెట్ల అవతలి చేనులోంచి మానస వస్తోంది. కొంగులో పత్తి గింజలు. విత్తనం పెట్టేటప్పుడు చెప్పులతో చేనులో అడుగు పెట్టరు కదా. వెనక ఆమె తండ్రి సారయ్య, చేతిలో మట్టి కప్పే గుంటక తాడు.

వెంకట్రాజం గట్టు మీదే కూలబడ్డాడు.

"నువ్వేంది ఈడికొచ్చినవ్?" అంది మానస. గొంతులో కోపం కూడా లేదు. ఉంటే బాగుండుననిపించింది ఆయనకు.

కాగితం తీసి ఇచ్చాడు. ఆమె మట్టి చేతులు చీరకొంగుకు తుడుచుకుని చదివింది. ఆయన ఒడిలో జంపఖానా పరిచి, అంచు చూపించి, ఎర్ర దారం సంగతి చెప్పాడు. గోదాము సంగతి, ఖాళీ గడి సంగతి చెప్పాడు. గోడ మీది ఉత్తరం సంగతి కూడా దాచలేదు. తన గురించి ఇంతసేపు మాట్లాడుతూ ఒక్క అవార్డు పేరు ఎత్తకపోవడం ఆయనకు ఇదే మొదలు.

"అందర్ని తిట్టినవ్," అంది మానస చివరికి. "ఒక్క నన్నే తిట్టలే. తిట్టుడు గూడ దండుగ అనుకుంటాన్నవని అనుకున్న. ఫెయిల్ అని సూసినంక, నిజమే కావచ్చనుకున్న."

"నీదాంట్ల తప్పు లేకుండె బిడ్డా."

"ఆ మాట అప్పుడు చెప్పద్దా?"

"మెచ్చుకుంటే దిష్టి తగుల్తదని..."

"చెప్పకుంటెనే తగిలింది గద తాతా."

వెంకట్రాజం తల దించి జంపఖానా అంచు సవరించాడు.

సారయ్య ఆకాశం వైపు చూశాడు. "మాటలు తర్వాత వెట్టుకోండ్రి. టైమెంతయింది?"

"నాలుగు దాటి అయిదు నిమిషాలాయె," అన్నాడు వెంకట్రాజం.

"నడువు బిడ్డా. తొర్రూరుల నెట్ సెంటర్ ఉన్నది. వాన వట్టకముందే పోవాలె. కరెంటు పోతే మళ్ల రాదు."

మానస కొంగులోని గింజలు గట్టు మీద పోసి, కాగితాన్ని సంచిలో పెట్టుకుని, వెనక్కి తిరిగి చూడకుండా ఇంటి వైపు పరుగెత్తింది. ఆమె వెంటే సారయ్య. చెప్పులు గట్టు మీదే ఉండిపోయాయి. కాసేపటికి ఊరి వైపు నుంచి మోటారు సైకిల్ చప్పుడు లేచింది, దూరమైంది.

చూస్తుండగానే గాలి మారింది. ఊళ్లో ఎవరింట్లోనో పాడుతున్న టీవీ ఉన్నట్టుండి ఆగిపోయింది. అంటే ఇక్కడ కరెంటు పోయింది. తొర్రూరులో ఉందో పోయిందో చెప్పేవాళ్లు లేరు. వెంకట్రాజం జంపఖానాను మడతపెట్టి, ఆ పిల్ల చెప్పులు తెచ్చి వాళ్ల గడప ముందు పెట్టి, రోడ్డు మీదికి నడిచాడు. వాన మొదలైంది.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక ఫోను మోగింది. తెలియని నంబరు. వెంటనే ఎత్తాడు.

సారయ్య గొంతు, వాన హోరులో. "ఎక్కిందయ్యా. కాగితం ఎక్కింది. అయిదుకు ఆరు నిమిషాలుండంగ. అటెన్క కరెంటు పోయింది."

వెంకట్రాజం కళ్లు మూసుకున్నాడు. "మానస ఏమన్నది?"

"ఏం అనలే."

ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఒడిలోని జంపఖానా అంచు మీద వేళ్లు వాటంతటవే ఒక కొస నుంచి ఇంకో కొసకు నడిచాయి. ఎక్కడా ముడి లేదు, వంకర లేదు. ఏమీ అనకపోవడమంటే ఏమిటో నలభై మూడేళ్లుగా ఆయనకు తెలుసు. వర్ధన్నపేట దాటే దాకా ఆ అంచు తడుముతూనే ఉన్నాడు. ఆ పిల్ల ఏమీ అనకపోవడం మెప్పో, కోపమో ఇవాళ మాత్రం తెలియలేదు.